ఆజ్ఞాచక్ర ధ్యానము: చరిత్ర చెప్పే సుళువు

ఉగాదినాడు షడ్రుచుల పచ్చడి నోట వేసుకొని, పంచాంగము విని, నలుగురము ఒకచోట చేరినప్పుడు ఆరు అనే సంఖ్య మన మాటల్లోకి తానుగా వస్తుంది. రుచులు ఆరు, ఋతువులు ఆరు, మన పెద్దలు దేహములో చెప్పిన చక్రములు ఆరు. ఆ ఆరింటిలో పైది, కనుబొమల నడుమ ఉన్నదని చెప్పేది, ఆజ్ఞాచక్రము. దానినే లోకులు మూడవ కన్ను అంటారు. ఈ సంచికకు ఏదైన చరిత్ర విషయము వ్రాయుమని సంఘమువారు కోరగా మేము దీనినే ఎన్నుకొన్నాము. ఎందుకు ఎన్నుకొన్నామో ముందుగా మనవి చేసుకోవలసి యున్నది.

మేము పండితులము కాము. పదవ తరగతి ప్యాసై, ఖుర్దా రోడ్డులో రైల్వే పార్సెలు ఆఫీసున గుమాస్తా పని చేసుకొనేవారము. మా తాతగారు శ్రీకాకుళము జిల్లా నుండి రైలు కొలువుకై ఇక్కడికి వచ్చినారు. మూడు తరాలుగా మా యింట తెలుగు, వీధిలో ఒడియా, ఆఫీసులో హిందీ. సంస్కృతము మాకు తాత్పర్యముల ద్వారా వచ్చినంతే. కాబట్టి ఇందు తప్పులున్న పెద్దలు మన్నించగలరు.

మా అనుభవము

నాలుగేండ్ల క్రిందట ఒక పెద్దమనిషి మాకు ధ్యానము చెప్పినారు. కళ్లు మూసుకొని రెండు కనుగ్రుడ్లను పైకెత్తి కనుబొమల నడుమకు త్రిప్పవలెను, వెలుగు కనబడేవరకు దించరాదు, నొప్పి పుడితే అది చక్రము తెరుచుకొంటున్న గుర్తు అని వారి బోధ. మేము నమ్మినాము. రాత్రి డ్యూటీ దిగి వచ్చి, తెల్లవారుజామున గంట చొప్పున, ఒక మండలము పట్టుగా చేసినాము.

వెలుగు రాలేదు, తలనొప్పి వచ్చింది. నుదురు మధ్యాహ్నము వరకు బిగిసి ఉండేది. కంప్యూటరు తెర మీద అంకెలు రెండేసిగా కనబడసాగినవి. ఒకనాడు ముప్పదినాలుగు కిలోల పార్సెలును నలభైమూడు కిలోలుగా వ్రాసి సంజాయిషీ ఇచ్చుకొన్నాము. ఇంట్లో పిల్ల నవ్వినా విసుగు వచ్చేది. శాంతి కోసమని మొదలుపెట్టిన పని ఇంట్లో ఉన్న కాస్త శాంతిని తినివేసింది.

కంటి డాక్టరు పరీక్షించి, కళ్లు బాగానే ఉన్నవి, వాటి చేత ఏమి పని చేయిస్తున్నారని అడిగినారు. చెప్పినాము. వెంటనే మానండి అన్నారు. అంతకు ముందే మా నాయనమ్మ ఒకనాడు మమ్ము చూచి, "ఏటిరా అది, నుదురు ముడేసుకొని కూకున్నావు? దేవుడికాడ కూకున్నట్టు నేదు, అప్పులోడికాడ కూకున్నట్టుంది" అన్నది. ఆమెకు అక్షరము రాదు. కాని ఆ మాట మాలో నిలిచిపోయింది. నిజముగా మన పెద్దలు ఈ కష్టమే చెప్పినారా? లేక నడుమ ఎక్కడో మాట మారిపోయినదా? ఈ ప్రశ్న పట్టుకొని సెలవు దినాలలో దొరికిన పుస్తకములు చదివినాము. చదివినది మీ ముందుంచుతున్నాము.

గీత, భాష్యము

భగవద్గీతలో ఈ మాట రెండు చోట్ల వస్తుంది. అయిదవ అధ్యాయము చివర, చూపును కనుబొమల నడుమ నిలిపి ప్రాణాపానములను సమము చేయుట గూర్చి ఉన్నది. ఎనిమిదవ అధ్యాయములో అంత్యకాలమున ప్రాణమును భ్రూమధ్యమున నిలుపుట గూర్చి ఉన్నది. ఆరవ అధ్యాయములో ధ్యానవిధి చెప్పేటప్పుడు మాత్రము ముక్కుకొన అన్నారు. మరి ఏది చూడవలెను, ముక్కుకొనయా, కనుబొమల నడుమయా?

ఇక్కడ శంకరభాష్యము చూచి మేము ఆశ్చర్యపోయినాము. ఆరవ అధ్యాయములోని ఆ శ్లోకము మీద శంకరులు చెప్పినదేమనగా, ముక్కుకొనను నిజముగా చూడుమని విధి కాదు, అక్కడ 'చూస్తున్నట్లుగా' అనే అర్థము తీసుకోవలెను. కావలసినది చూపు అటూ ఇటూ పోక కుదురుగా ఉండుట. ముక్కునే చూస్తూ కూర్చుంటే మనస్సు ముక్కు మీదనే నిలుస్తుంది కాని ఆత్మయందు నిలువదు గదా అని వారి యుక్తి. ముక్కుకు చెల్లిన న్యాయము కనుబొమలకు మాత్రము చెల్లదా? కనుగ్రుడ్లను మెలిపెట్టి కూర్చున్నవాని మనస్సు కనుగ్రుడ్ల నొప్పి మీదనే ఉంటుంది. మా మండలము దినాలే దీనికి సాక్షి.

అదే ఆరవ అధ్యాయములో, మితిమీరి తినేవానికి, అసలే తిననివానికి, అతిగా నిద్రించేవానికి, నిద్ర మానినవానికి యోగము లేదని కూడ ఉన్నది. రాత్రి డ్యూటీ చేసి నిద్రమానుకొని కూర్చున్న మా బోటివాని గూర్చి చెప్పినట్లే ఉన్నది.

పతంజలి యోగసూత్రములలో ఆజ్ఞాచక్రము అనే పేరే కనబడదు. నాభిచక్రము పేరున్నది, శిరస్సులోని జ్యోతి గూర్చి ఉన్నది, హృదయము గూర్చి ఉన్నది. ఆసనము స్థిరముగాను సుఖముగాను ఉండవలెనని, ప్రయత్నము సడలించుట చేత అది సిద్ధిస్తుందని ఆయన చెప్పినారు. బిగించుట చేత కాదు, సడలించుట చేత!

ఆరు చక్రముల లెక్క

ఆరు చక్రములనే లెక్క మొదటి నుండి స్థిరముగా ఉన్నది కాదు. పాత తంత్రములలో ఒకచోట నాలుగు, ఒకచోట అయిదు, మరొకచోట ఇంకొక సంఖ్య. నేడు మనకు తెలిసిన ఆరు చక్రముల వరుస సుమారు పదవ, పదకొండవ శతాబ్దముల నాటి కుబ్జికామత తంత్రములో కనబడుతుంది. తరువాత 1577లో వంగదేశమున పూర్ణానందుడు షట్చక్రనిరూపణము రచించినాడు. ఆజ్ఞాచక్రము రెండు రేకుల పద్మమని, చంద్రునివలె తెల్లనిదని, రేకుల మీద హ, క్ష అక్షరములున్నవని, మనస్సునకు అది స్థానమని, నడుమ ఓంకారమున్నదని అందులోని వర్ణన. గురువు ఆజ్ఞ అక్కడ అందుతుంది గనుక ఆజ్ఞాచక్రమన్నారు.

ఆజ్ఞ అంటే మా రైలు కొలువువారికి బాగా తెలుసు. ఆజ్ఞ అందుకొనేవాడు మెలకువగా ఉండవలెను, అంతే. పచ్చదీపము వెలుగవలెనని డ్రైవరు గ్రుడ్లురిమి చూస్తే వెలుగదు. వెలిగినప్పుడు చూడగలిగేటట్లు ఉండుటే అతని పని.

మన తెలుగువారికి, అందులోను ఒడియా దేశములో ఉన్నవారికి, ఈ కథలో ఒక భాగమున్నది. శంకరుల పేర ప్రసిద్ధమైన సౌందర్యలహరిలో ఆజ్ఞాచక్రమును గూర్చిన శ్లోకమున్నది. ఆ గ్రంథమునకు వ్యాఖ్యలు చాలా ఉన్నా, పేరుపొందినవానిలో ఒకటి లొల్ల లక్ష్మీధరునిది. ఇంటిపేరు వింటేనే మనవాడని తెలుస్తుంది. పదునారవ శతాబ్దపు ఆరంభమున ఈ దేశమేలిన ప్రతాపరుద్ర గజపతి ఆస్థానమును ఆశ్రయించినవాడు. బయటి తతంగము కంటె లోపలి భావనయే పూజ అని ఆయన పక్షము. మన తాతలు ఈ గడ్డకు రైలెక్కి రాకముందే, నాలుగు వందల యేండ్ల నాడు, ఒక తెలుగు పండితుడు ఇక్కడి రాజు నీడన ఈ చక్రముల గూర్చి వ్రాసినాడన్నమాట.

తారకము, అమనస్కము

తెలుగులోనే ఈ విషయము మీద పూర్తి గ్రంథమున్నదని మాలో చాలమందికి తెలియదు. అది పరశురామ పంతుల లింగమూర్తిగారి సీతారామాంజనేయ సంవాదము. ఓరుగల్లు ప్రాంతము వారు, పదునెనిమిదవ శతాబ్దమువారు. సీతారాములు హనుమంతునికి తత్త్వము చెప్పుటగా నడిచిన పద్యకావ్యము. అందు మూడు భాగములు: తారకయోగము, సాంఖ్యయోగము, అమనస్కయోగము.

ఈ తారకయోగమే భ్రూమధ్య ధ్యానము. అద్వయతారకోపనిషత్తు, మండలబ్రాహ్మణోపనిషత్తు అనే యోగోపనిషత్తులలో దీని విధానమున్నది. వాటిలో మేము గమనించినదేమనగా, తారకమును అక్కడితో ఆపలేదు. ముందుది తారకము, తరువాతది అమనస్కము అని రెండు మెట్లు చెప్పినారు. అమనస్కమనగా మనస్సు తన పట్టు తానే వదలివేయుట. అనగా భ్రూమధ్యము ఇల్లు కాదు, గుమ్మము. గుమ్మమును రెండు చేతులతో పట్టుకొని వ్రేలాడేవాడు లోపలికి పోలేడు. లింగమూర్తిగారి కావ్యము కూడ తారకముతో మొదలై అమనస్కములో ముగియుట ఊరక జరిగినది కాదు.

మరి కన్నీరు కారేవరకు చూడుమనే మాట ఎక్కడిది? అది హఠప్రదీపికలోని త్రాటకము. సుమారు పదునైదవ శతాబ్దమున స్వాత్మారాముడు వ్రాసిన గ్రంథమది. ఒక చిన్న గురుతును రెప్పవాల్చక కన్నీరు వచ్చేవరకు చూచుట త్రాటకము. అయితే దానిని ఆయన ధ్యానము క్రింద చెప్పలేదు. ధౌతి, నేతి వంటి షట్కర్మలలో, అనగా శరీరశుద్ధి పనులలో చేర్చినాడు. ముక్కు కడుగుకొనుట ఎట్లో కన్ను కడుగుకొనుట అట్లు. పైగా అది తెరచిన కళ్లతో బయటి వస్తువును చూచుట. ఇట్టి శుద్ధిక్రియను తెచ్చి, కళ్లు మూసుకొని గంటసేపు చేసే ధ్యానమునకు అతికించుటలోనే మాట మారినదని మాకు తోచింది. అదే గ్రంథములో ప్రాణాయామము గూర్చి, సింహమును ఏనుగును పులిని మెల్లమెల్లగా మచ్చిక చేసుకొన్నట్లు చేయవలెను, తొందరపడితే చేసేవానికే ముప్పు అనే హెచ్చరిక కూడ ఉన్నది.

ఇద్దరు గుమాస్తాలు

ఈ చదువులో మా మనస్సును ఎక్కువగా తాకినది ఇద్దరు గుమాస్తాల చరిత్ర. ఒకరు కాశీలో ఉండిన లాహిరీ మహాశయులు. 1828లో పుట్టి 1895లో గతించినారు. మిలిటరీ ఇంజనీరింగు శాఖలో లెక్కల గుమాస్తా. 1861లో రాణీఖేతుకు బదిలీ అయినప్పుడు హిమాలయములలో గురువును కలిసి క్రియాయోగము పొందినారని చరిత్ర. ఆయన కొలువు మానలేదు, కాపురము మానలేదు. పింఛను తీసుకొన్నారు. ఆ క్రియాయోగములో భ్రూమధ్యమునకు పెద్దపీట ఉన్నది.

అదే కాశీలో అప్పుడు త్రైలింగస్వామి ఉండినారు. విజయనగరము ప్రాంతమువారు. మనలాగే ఊరు విడిచి పోయినవారు. తెలుగుదేశము నుండి వచ్చినందున కాశీవారు ఆయనను దేశము పేరుతోనే పిలిచినారు. పరదేశములో మన పేరు మన భాషే అయిపోవుట మనకు క్రొత్త కాదు గదా! 1887లో సమాధి చెందినారు. యోగానందులు 1946లో అచ్చువేసిన తమ ఆత్మకథలో ఒక ముచ్చట వ్రాసినారు. సర్వము త్యజించిన దిగంబరి త్రైలింగస్వామి సంసారియైన లాహిరీ మహాశయులను బహిరంగముగా గౌరవించగా, శిష్యుడొకడు ఇదేమని అడిగినాడట. జగన్మాత పెట్టిన చోటనే ఉండే పిల్లికూన వంటివాడాయన, నేను గోచి సహితము విడిచి పొందినదానిని ఆయన సంసారములో ఉండే పొందినాడని స్వామి చెప్పినారట.

మన పెద్దల మార్జాలకిశోర న్యాయమే ఇది. కోతిపిల్ల తల్లి పొట్టను తానే బిగించి పట్టుకొంటుంది. పిల్లికూనను తల్లి నోట కరచుకొని తీసుకుపోతుంది, కూన ఒళ్లు వదలి ఉంటుంది, అంతే. మేము చేసినది కోతిపిల్ల ధ్యానము. అది కూడ తల్లిని గాక గాలిని పట్టుకొన్న కోతిపిల్ల.

రెండవ గుమాస్తా కాశ్మీరమునకు చెందిన గోపీకృష్ణ. 1903లో పుట్టినవాడు, ప్రభుత్వ పబ్లిక్ వర్క్సు శాఖలో గుమాస్తా. పదునేడేండ్లు, ప్రతి ఉదయము, నడినెత్తిన పద్మమును భావించి ఏకాగ్రముగా కూర్చున్నాడు. 1937 డిసెంబరులో జమ్మూలో ఒక ఉదయము వెన్నులోనుండి ప్రవాహమువంటిదేదో తలకెక్కినదట. తరువాత ఏండ్ల తరబడి నిద్రలేమి, ఒళ్లుమంట, భయము. చావు దాకా పోయి వచ్చినానని 1967లో తానే పుస్తకము వ్రాసుకొన్నాడు. తనకు దగ్గరుండి చెప్పే గురువు లేకపోయినాడని అందులోని బాధ. ఆయన 1984లో గతించినాడు. ఆయనకు జరిగినది అందరికి జరుగుతుందని మేము అనము. ఆఫీసు ఫైళ్ల నడుమ బ్రతికే సామాన్యుడు ఒంటరిగా పట్టుపడితే ఏమి కావచ్చునో ఆయన దాచకుండా చెప్పినాడు, అందుకు ఆయనకు నమస్కారము.

తమిళదేశమున ఉన్న మనవారికి తెలిసిన పేరు మాస్టరు సి.వి.వి. కుంభకోణమున 1868లో తెలుగు కుటుంబమున పుట్టి, 1910లో భృక్తరహిత తారక రాజయోగమను పేర ఒక మార్గము నెలకొల్పి, 1922లో గతించినారు. తారకమనే మాటను ఒక ప్రవాసాంధ్రుడు మళ్లీ ఇంటింటికి తెచ్చినాడు. తిరువణ్ణామలైలో రమణమహర్షులు చక్రముల జోలి లేకుండ హృదయమునే చూపినారు. ఆయనకు 1907లో ఆ పేరు పెట్టినవారు బొబ్బిలి ప్రాంతపు కావ్యకంఠ గణపతిముని, మనవారే. దారులు వేరైనా నుదురు బిగించుమని ఎవరన్నారు?

గ్రంథి, కన్ను

ఇప్పుడు మూడవ కన్ను అనగానే మెదడులోని పీనియల్ గ్రంథి అంటున్నారు. ఇదీ క్రొత్త మాటే. పూర్ణానందుని గ్రంథమును ఆర్థర్ అవలాన్ అను మారుపేరుతో కలకత్తా హైకోర్టు జడ్జి ఉడ్రఫ్ 1919లో ఇంగ్లీషున ప్రకటించిన తరువాతనే చక్రముల పేర్లు ప్రపంచమున బాగా ప్రాకినవి. అంతకు ముందే 1886లో స్పెన్సర్ అను శాస్త్రజ్ఞుడు న్యూజీలాండు దేశపు టువాటరా అనే బల్లివంటి జంతువు నడినెత్తిన చర్మము క్రింద నిజమైన కన్నువంటిది ఉన్నదని వివరించినాడు. 1888లో దివ్యజ్ఞాన సమాజపు బ్లావట్‌స్కీ తన గ్రంథమున పీనియల్ గ్రంథిని మూడవ కంటితో ముడిపెట్టింది. 1958లో అమెరికాలో లెర్నర్ బృందము పశువుల పీనియల్ గ్రంథుల నుండి మెలటోనిన్ అను పదార్థమును వేరుచేసినారు. చీకటి పడగానే ఊరి, దేహమునకు రాత్రి అయినదని తెలిపే పదార్థమది.

ఆ గ్రంథి ఉన్నది కనుబొమల వెనుక కాదు, మెదడు నట్టనడుమ. కనుగ్రుడ్లను ఎంత త్రిప్పినా దానిని తాకలేము. త్రిప్పినందువల్ల అలసేవి కంటి కండరములు. ఒక్కొక్క కంటికి ఆరేసి కండరములు, ఇక్కడ కూడ ఆరే! దగ్గరి వస్తువును చూచుటకు లోపలివైపు కండరములు రెండు కళ్లను ముక్కువైపు లాగుతవి. సూదిలో దారమెక్కించేటప్పుడు క్షణము సేపు చేసే ఆ పనిని గంటసేపు చేయిస్తే తల నొప్పి పుట్టక ఏమి చేస్తుంది? ఆ నొప్పి చక్రము తెరుచుకొనుట కాదు, కండరము మొరపెట్టుకొనుట. గ్రంథికి మేలు చేయవలెనంటే చీకటిలో కంటినిండ నిద్రపోవుటే మేలు. రాత్రి డ్యూటీ సోదరులు ఇది గమనించవలెను.

ఇప్పుడు మేము చేసేది

ఆరు నెలలు మానివేసి, తరువాత మళ్లీ మొదలుపెట్టినాము. పద్ధతి చాల చిన్నది. వెన్ను నిటారుగా, భుజాలు వదులుగా కూర్చుంటాము. దవడ, నాలుక, నుదురు ఒక్కొక్కటిగా సడలిస్తాము. మూసిన కళ్లను, దూరాన రైలు పట్టాలు కలిసినట్లు కనబడే చోటును చూస్తున్నట్లు, తిన్నగా వదిలివేస్తాము. ఊపిరిని బిగబట్టము. కనుబొమల నడుమకు కన్నును పంపము, తలపును మాత్రము పంపుతాము. వెలుగు వచ్చిందా, రంగు వచ్చిందా అని వెదకము. పది నిమిషములు, మహా అయితే పదిహేను. నుదురు బరువెక్కినదా, అక్కడితో ఆపి కళ్లు తెరచి, చల్లని నీళ్లతో ముఖము కడుగుకొని పనిలో పడతాము. పార్శ్వపు నొప్పి, మూర్ఛ, కంటిజబ్బు, మనోవ్యాధి ఉన్నవారు డాక్టరును అడుగకుండ ఇట్టివి పెట్టుకోరాదని మా ప్రార్థన. తలనొప్పి వస్తే మంచిదే అని చెప్పేవారిని నమ్మరాదని అంతకంటె గట్టి ప్రార్థన.

తలపును ఎంత తేలికగా పంపవలెను? దీనికి కొలత మాకు ఏ పుస్తకములోను దొరకలేదు. ఇంట్లో దొరికింది. చిన్ననాట ఉగాది ఉదయము తలంటి పోసి, క్రొత్త చొక్కా తొడిగి, నాయనమ్మ మమ్ము ఎదుట నిలుచోబెట్టుకొని ఉంగరపువ్రేలితో నుదుట బొట్టు పెట్టేది. ఆ వ్రేలు నుదుటిని నొక్కేది కాదు. తాకీ తాకకుండ తాకేది. ఆమె వ్రేలు తీసిన తరువాత కూడ అక్కడ ఏదో చల్లగా నిలిచినట్లుండేది. ఆజ్ఞాచక్రమున తలపు నిలుపుట అంటే అంతే. బొట్టు పెట్టినంత తేలిక.

నాయనమ్మ ఇప్పుడు లేదు. ఆమె పోయిన తరువాత వచ్చిన ఉగాదికి మా ఇంటావిడ పిల్లకు బొట్టు పెడుతుంటే, పిల్ల కళ్లు మూసుకొని, నుదురు ముడివేయక, నవ్వుతూ నిలుచున్నది. అప్పుడు మాకు తోచింది, ఊరు విడిచి వచ్చిన మన కుటుంబములలో గ్రంథములు పోవచ్చును, తత్త్వాలు పాడే బైరాగులు మన వీధులకు రాకపోవచ్చును, పిల్లలకు ఒత్తులు, పొల్లులు సరిగా రాకపోవచ్చును. కాని ఆ వ్రేలి తేలికదనము తల్లి నుండి బిడ్డకు వస్తూనే ఉన్నది. దానిని నుదుటి మీద నిలుపుకొంటే చాలు, ధ్యానములో సగము తెలిసినట్లే.

సంఘ సభ్యులందరికి, వారి కుటుంబములకు, మన ఒడియా, కన్నడ, తమిళ, మరాఠీ ఇరుగుపొరుగు వారికి నూతన సంవత్సర శుభాకాంక్షలు. సర్వేజనాః సుఖినో భవంతు.